యానాము తెలుగువారి దాయము, దస్తావేజు, దావా

గౌతమీ గోదావరి సముద్రమును సమీపించుచోట ముప్పది చదరపు కిలోమీటర్ల వైశాల్యముగల యానాము చుట్టును తెలుగునేలచే ఆవరింపబడియున్నది. అచ్చటి ప్రజల భాష తెలుగు. నీలపల్లి, ఇంజరము, కాకినాడ మొదలగు పొరుగూళ్లతో వారికి ఇచ్చిపుచ్చుకొనుట అనాదిగా కలదు. ఒకే వంశమువారు సరిహద్దునకు ఇరుప్రక్కల కాపురములు చేసిరి. అయినను పంతొమ్మిదవ శతాబ్దినుండి ఇరువదవ శతాబ్ది మధ్యభాగమువరకు ఆ సరిహద్దును దాటిన తెలుగువాని ఆస్తి వేరొక న్యాయమునకు లోనగుచుండెను. తండ్రి ఆస్తియందు కొడుకునకుగల హక్కు, అప్పుపత్రము వ్రాయు విధము, మరణశాసనమునకు గల బలము, భూమిపై దావా వేయుటకు గల గడువు అన్నియు మారుచుండెడివి.

ఒక గృహస్థునకు యానాములో ఐదెకరములు, ఇంజరములో ఐదెకరములు గలవనుకొందము. అతనికి ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, భార్య. అతడు రెండుచోట్ల భూములను ఒకే మరణశాసనముతో చిన్నకొడుకునకు వ్రాసి మరణించెను. ఆ పత్రము చెల్లునా? పెద్దకొడుకు అడ్డుపడగలడా? భార్యకు మిగులునదేమి? ఏ న్యాయస్థానము తలుపు తట్టవలెను? యానాము చరిత్రలో ఈ ప్రశ్నలకు ఒక్క సమాధానము లేదు. ఆ సమాధానములు ఎట్లు ఏర్పడినవో, ఎట్లు మారినవో తెలిసికొనుట నేటికిని అక్కరకు వచ్చు విషయమే. ఏలయన ఆనాటి పత్రములు ఇంకను కొన్ని ఇండ్లలో భద్రముగా ఉన్నవి.

పతాకము మారినను ధర్మము నిలిచిన విధము

హిందువుల దాయవిభాగమునకు దక్షిణదేశమున ప్రధానప్రమాణము మితాక్షర. చాళుక్య విక్రమాదిత్యుని కాలమున కల్యాణనగరమందు విజ్ఞానేశ్వరుడు రచించిన ఈ వ్యాఖ్యను పదుమూడవ శతాబ్దిలో మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించెను. కావున తెలుగువారికి దాయధర్మము తమ భాషలోనే లభించి ఏడువందల ఏండ్లు దాటినది. ఈ ధర్మము ననుసరించి కొడుకు పుట్టుకతోనే పిత్రార్జితమున హక్కుదారు డగును. తండ్రి ఆ ఆస్తిని తన యిచ్చవచ్చినట్లు పరాధీనము చేయజాలడు.

ఇంగ్లీషువారి న్యాయస్థానములు ఈ ధర్మమునకు ఒక అనుబంధసూత్రమును చేర్చినవి. హిందూకుటుంబము ఒక ప్రాంతమునుండి వేరొక ప్రాంతమునకు వలసపోయినచో తన దాయధర్మమును వెంట తీసికొనిపోవుననియు, దానిని వదలుకొన్నట్లు రుజువైనప్పుడే క్రొత్తచోటి ధర్మము వర్తించుననియు ఆ సూత్రము. మిథిలనుండి వంగమునకు పోయిన కుటుంబము విషయమున ప్రీవీ కౌన్సిలు 1839లోనే దీనిని అంగీకరించెను. తమిళ, కన్నడ, మహారాష్ట్ర, ఒరియా ప్రాంతములలో తరతరములుగా నివసించు తెలుగు కుటుంబములకు ఈ సూత్రము అండయైనది. యానాము విషయము దీనికి భిన్నము. యానాము తెలుగువారు ఎచ్చటికిని వలసపోలేదు. పరప్రభుత్వమే వారి యూరికి వచ్చినది.

ఫ్రెంచివారు 1723లో యానాములో వర్తకస్థానమును నెలకొల్పిరి. నడుమ కొంతకాలము విడిచి 1731లో మరల వచ్చిరి. ఇంగ్లీషువారితో జరిగిన యుద్ధములలో ఆ స్థానము పలుమారులు చేతులు మారెను. 1814 నాటి పారిస్ సంధి ననుసరించి ఫ్రెంచివారికి అది తిరిగి దక్కెను. పుదుచ్చేరిని ముఖ్యపట్టణముగా జేసికొని పాలించిన ఫ్రెంచి ప్రభుత్వము 1819 జనవరి 6వ తేదీన ఒక శాసనము వెలువరించెను. దాని మూలమున నెపోలియను కాలపు ఫ్రెంచి స్మృతులు భారతదేశమందలి ఫ్రెంచి స్థావరములలో అమలులోనికి వచ్చినవి. కాని ఆ శాసనమే ఒక మినహాయింపునుగూడ ప్రకటించెను: దేశీయులు, వారు హిందువులైనను, మహమ్మదీయులైనను, క్రైస్తవులైనను, పూర్వమువలెనే తమతమ కులముల ధర్మములను, వాడుకలను, ఆచారములను బట్టి తీర్పులు పొందవలెను. యానాము తెలుగువారి న్యాయచరిత్రకు ఈ ఒక్క వాక్యమే మూలస్తంభము.

ఆచారమేదో తేల్చువారు

ఆచారము ననుసరింపవలెనని చెప్పుట సులభము. ఆచారమేదో తేల్చుట కష్టము. ఫ్రెంచి న్యాయాధిపతికి తెలుగు రాదు, సంస్కృతము రాదు. అందుచే 1827లో గవర్నరు రిష్మో కాలమున పుదుచ్చేరిలో భారతీయ న్యాయ సలహాసంఘ మొకటి ఏర్పడెను. దేశీయ పెద్దలు తొమ్మండుగురు అందు సభ్యులు. దత్తత, భాగపంపకము, స్త్రీధనము, మరణశాసనము మొదలగు విషయములలో న్యాయస్థానమునకు సందేహము కలిగినప్పుడు ఈ సంఘము అభిప్రాయ మొసగుచుండెను. పుదుచ్చేరిలో న్యాయాధిపతిగానుండిన లెయోన్ సోర్గ్ ఆ అభిప్రాయములను సంపుటముగా జేర్చి 1897లో ప్రకటించెను.

ఇందొక లోపము లేకపోలేదు. సలహాసంఘము పుదుచ్చేరి పట్టణమున కూర్చుండెడిది. అచ్చటి పరిసరము తమిళము. గోదావరీతీరపు తెలుగుకులముల వాడుకలు దూరమునుండియే ఆ సంఘమునకు చేరవలెను. యానాములో చిన్నతరహా న్యాయస్థానమే యుండగా, పై విచారణకు పుదుచ్చేరికే పోవలసియుండెను. కాకినాడనుండి పడవయో, తరువాతి కాలమున రైలో పట్టి అంతదూరము పోయి వ్యాజ్యము నడపుట సామాన్య రైతునకు అలవికాని పని. తమ ధర్మము ప్రకారమే తీర్పు లభించునని శాసనము చెప్పినను, ఆ ధర్మమును నిర్ణయించు పీఠము మాత్రము వందలమైళ్ల దూరమున నుండెను.

క్రమముగా ఫ్రెంచి న్యాయస్థానముల హిందూధర్మము పొరుగునగల మదరాసు హైకోర్టు హిందూధర్మమునుండి వేరుపడెను. వీనిలో మిక్కిలి ముఖ్యమైన భేదము తండ్రికొడుకుల సంబంధమునకు చెందినది. మదరాసు హైకోర్టు మితాక్షరను అక్షరశః పట్టుకొని కొడుకునకు జన్మసిద్ధమైన హక్కును నిలిపెను. ఫ్రెంచి న్యాయస్థానములు తండ్రినే ఆస్తికి పూర్తి యజమానునిగా పరిగణించి, ఆతడు జీవించియుండగా కొడుకు భాగము కోరజాలడని నిర్ణయించినవి. ఇది వంగదేశపు దాయభాగమునకు సన్నిహితము.

దీని ఫలితము నిత్యవ్యవహారములో కనబడెను. ఇంజరములో భూమి కొనువాడు విక్రేత కొడుకులందరి సంతకములు కోరవలెను. మైనరు కొడుకున్నచో అమ్మకము కుటుంబావసరమునకే జరిగినదను ఆధారము చూచుకొనవలెను. లేనిచో ఏండ్లు గడచినపిమ్మట ఆ మైనరు పెద్దవాడై దావా వేయవచ్చును. యానాములో కొనువానికి తండ్రి సంతకము చాలును. కొనువానికి ఇది నిశ్చింత; కొడుకునకు ఇది నిస్సహాయత. పై యుదాహరణమందలి పెద్దకొడుకు ఇంజరపు పిత్రార్జితమునందు తన భాగముకొరకు తమ్మునిపై వ్యాజ్యమాడగలడు. యానాము భూమి విషయమున తండ్రి వ్రాతకు తలవంచవలసినదే.

భార్య విషయమునను భేద మేర్పడెను. బ్రిటిషు ఇండియాలో 1937 నాటి హిందూస్త్రీల ఆస్తిహక్కు చట్టము వితంతువునకు కొడుకుతో సమానమైన భాగమును, జీవితకాలానుభవముగానే యైనను, ఒసగెను. అది వ్యవసాయభూములకు వర్తింపదని ఫెడరల్ కోర్టు 1941లో చెప్పగా, మదరాసు శాసనసభ 1947లో ఆ లోపమును పూరించెను. ఈ చట్టములేవియు ఫ్రెంచి యానామునకు రాలేదు.

పత్రము వ్రాయు విధము

దాయవిషయమున హిందూధర్మము నిలిచినను, ఒప్పందములు, తాకట్టులు, సాక్ష్యము, వ్యాజ్యక్రమము మొదలగు వానియందు ఫ్రెంచి స్మృతులే క్రమముగా పైచేయి యైనవి. ఈ పద్ధతికి కేంద్రస్థానము నొతేరు అను అధికారిది. ఆతడు మన దస్తావేజు లేఖరివంటివాడు కాడు. ఇరుపక్షములను ఎదుట నుంచుకొని, వారి కోరికను విని, తానే పత్రము కూర్చి, మూలప్రతిని తన కచేరియందే భద్రపరచి, పక్షములకు ప్రతులు మాత్రమే యిచ్చు రాజముద్రగల అధికారి. ఆతని యెదుట పుట్టిన పత్రము ప్రామాణికపత్రము. దానిని అబద్ధమనువాడు ప్రత్యేకముగా కూటవ్యాజ్యము నడపవలెను. స్థిరాస్తిపై తాకట్టు ఆతని యెదుటనే వ్రాయవలెనని స్మృతి విధించెను.

పొరుగునగల బ్రిటిషు జిల్లాలో పద్ధతి వేరు. అచ్చట పత్రమును ఎవరైనను వ్రాయవచ్చును. దానిని రిజిస్ట్రారు ఎదుట ఒప్పుకొని దాఖలు చేయుటయే ముఖ్యము. రిజిస్ట్రారు పత్రమును నకలు చేసికొని మూలమును తిరిగి యిచ్చును. కావున గోదావరి జిల్లాలో కుటుంబపు పెట్టెలో మూలదస్తావేజు ఉండగా, యానాములో మూలము నొతేరు కచేరిలో ఉండెను. పాతపత్రములకై వెదకువారు ఈ భేదమును మరువరాదు.

అప్పుపత్రముల విషయమున ఫ్రెంచి స్మృతియందొక మంచి నియమము గలదు. నూటయేబది ఫ్రాంకులకు మించిన వ్యవహారమును నోటిసాక్ష్యముతో నిరూపింపరాదు, వ్రాత కావలెను. అప్పు తీసికొన్నవాడు పత్రమును పూర్తిగా స్వహస్తముతో వ్రాయవలెను. లేదా, వేరొకరు వ్రాసిన పత్రముక్రింద ఆ మొత్తమునకు తాను బాధ్యుడనని అంకెను అక్షరములలో తన చేతితో వ్రాసి సంతకము చేయవలెను. తెల్లకాగితముపై సంతకము చేయించుకొని తరువాత అంకె పెంచు ఋణదాతల మోసమును ఇది అరికట్టుటకై యుద్దేశింపబడినది. కాని సేద్యగాండ్ర, కూలీల, చేతిపనివారల విషయమున ఈ నియమమునకు స్మృతియే మినహాయింపు నిచ్చినది. వ్రాతరాని వారికై యీయబడిన ఆ సడలింపువలన, రక్షణ ఎక్కువగా కావలసినవారే దానిని కోలుపోయిరి.

మరణశాసనమునందు సైతము రెండు పద్ధతులు ఎదురెదురుగా నిలిచినవి. ఫ్రెంచి స్మృతి మూడు విధముల మరణశాసనములను అంగీకరించెను: ఆసాంతము స్వహస్తముతో వ్రాసి, తేదీ వేసి, సంతకము చేసినది, నొతేరుచే సాక్షులయెదుట వ్రాయబడినది, మూసి ముద్రవేసి నొతేరున కప్పగించినది. మొదటిదానికి సాక్షులే అక్కరలేదు. గోదావరి జిల్లాలోనో, 1927 జనవరి 1వ తేదీకి పూర్వము హిందువు నోటిమాటగా చెప్పిన మరణశాసనమైనను చెల్లుచుండెను. ఆ తేదీనుండి వ్రాత, సంతకము, ఇద్దరు సాక్షులు తప్పనిసరి యైనవి. అందుచే యానాములో సక్రమమైన స్వహస్తలిఖితము సరిహద్దు కావల, సాక్షులు లేని కారణమున, నిలువని కాగితము కాగలదు.

స్వధర్మమును వదలుకొన్నవారు

1880 ఏప్రిల్ 24వ తేదీ శాసనముతో జనన మరణ వివాహములను ప్రభుత్వ పుస్తకములందు వ్రాయించు పద్ధతి ఫ్రెంచి ఇండియాలోని దేశీయులకు వచ్చెను. వారసులెవరో తేల్చవలసిన దావాలలో ఈ పుస్తకములు గొప్ప ఆధారములైనవి. మరుసటి సంవత్సరము, 1881 సెప్టెంబరు 21న, వేరొక శాసనము వచ్చెను. కోరినవారు తమ వ్యక్తిగత ధర్మమును వదలుకొని ఫ్రెంచి పౌరస్మృతికి లోబడవచ్చుననియు, ఒకసారి వదలుకొన్నచో తిరిగి పొందరాదనియు, భార్యకును మైనరు బిడ్డలకును అదే వర్తించుననియు దాని సారాంశము. ఇట్లు వదలుకొన్నవారిని రెనోన్సాలు అనిరి. వారు క్రొత్త ఇంటిపేరు ధరింపవలసియుండెను. పుదుచ్చేరిలో ఈ యుద్యమమునకు నాయకుడైన న్యాయవాది పొన్నుతంబి పిళ్ల లాపోర్తు అను పేరు గ్రహించెను.

రెనోన్సా యైనవాడు ఆస్తిని తన యిచ్చవచ్చినట్లు వ్రాయజాలడు. ఒక్క బిడ్డయున్నచో సగము, ఇద్దరున్నచో మూడవవంతు, ముగ్గురు లేక అంతకు మించి యున్నచో నాల్గవవంతు మాత్రమే ఆతని స్వేచ్ఛకు విడువబడెను. మిగిలినది బిడ్డలకు తప్పక చేరవలెను. అందు కొడుకని కూతురని భేదము లేదు. ఒకే యూరిలో ఒక యింట కొడుకునకు సహితము తండ్రి ఆస్తిపై హక్కు లేకుండగా, రెనోన్సా యింట కూతురునకు గూడ తీసివేయరాని భాగము లభించుట విశేషము.

సరిహద్దు చట్టము చాటునకు పోవుట

రెండు న్యాయములు ప్రక్కప్రక్కన ఉన్నచోట ప్రజలు తమ కనుకూలమైనదానిని వెదకికొనుట సహజము. 1929 నాటి శారదాచట్టము 1930 ఏప్రిల్ 1నుండి బ్రిటిషు ఇండియాలో అమలైనప్పుడు, బాల్యవివాహములు చేయదలచిన తెలుగు కుటుంబములు యానామునకు పెండ్లిబృందములతో తరలిపోయినవి. ఆ యూరికి కల్యాణపురమను వ్యవహారమందుకనే కలిగెను. 1938లో చట్టమును సవరించి, బ్రిటిషు ప్రజలు భారతమున ఎచ్చట ఇట్టి వివాహము జరిపినను శిక్షార్హులని చేసిరి. అయితే ఆ చట్టము శిక్షించునే గాని వివాహమును రద్దుచేయదు. కావున ఆ వధువులు భార్యలుగనే నిలిచిరి. వితంతువులైనప్పుడు వారి హక్కులును నిలిచినవి.

వ్యాజ్యములలోను ఇట్టి చిక్కులే. కాకినాడ న్యాయస్థానమునకు యానాము తీర్పు పరదేశపు తీర్పు. అప్పుతీర్పు పొందిన వర్తకుడు దానిని నేరుగా అమలు జరుపుకొనలేక, ఆ తీర్పే ఆధారముగా మరల దావా వేయవలసియుండెను. భూమిపై దావా భూమి యున్నచోటనే వేయవలెను. గడువులలోను భేదమే: ఫ్రెంచి స్మృతి ననుసరించి ముప్పదియేండ్ల అనుభవముగాని భూమిపై హక్కు నీయదు, సద్బుద్ధితో పత్రముపై కొన్నవానికి మాత్రము పదియో ఇరువదియో ఏండ్లు చాలును. బ్రిటిషు జిల్లాలో పండ్రెండేండ్లు చాలును. పొరుగూరి భూమిని పాలివానికి వదలి పదునైదేండ్లు పట్టించుకొనని యానాము వాడు, తన యూరి లెక్కనే నమ్ముకొన్నచో, దానిని పూర్తిగా కోలుపోవును.

విలీనమునకు తరువాత

1954 జూన్ 13న యానాములో ఫ్రెంచి పాలన అంతరించెను. నవంబరు 1న పరిపాలన భారతప్రభుత్వమునకు సంక్రమించెను. 1962 ఆగస్టు 16న విలీనము న్యాయసమ్మత మయ్యెను. కాని పతాకము మారిన దినముననే న్యాయము మారలేదు. అమలునందున్న శాసనములు మార్చునంతవరకు కొనసాగవలెనని 1962 నాటి పుదుచ్చేరి పరిపాలన చట్టము చెప్పెను. హిందూ వారసత్వ చట్టము 1963 అక్టోబరు 1నుండి వర్తించెను. రెనోన్సాలకు మాత్రము అది వర్తింపదని అందే వ్రాయబడినది. 1963 నాటి కాలపరిమితి చట్టము 1964 జనవరి 1నుండి దేశమునందు అమలులోనికి వచ్చెను. ఒప్పందముల చట్టము, ఆస్తి బదిలీ చట్టము, రిజిస్ట్రేషను చట్టము, సివిలు ప్రొసీజరు కోడు 1968 నాటి చట్టముద్వారా వచ్చినవి. యానాము వ్యాజ్యములకు మదరాసు హైకోర్టు పై న్యాయస్థాన మయ్యెను.

ఇందుండి తేలు ముఖ్యసూత్ర మొకటి గలదు. వారసత్వము మనుష్యుడు మరణించిన దినమున అమలులోనున్న న్యాయమునుబట్టి నిర్ణయమగును. కావున 1963 అక్టోబరు 1కి పూర్వము మరణించిన తాత ఆస్తికి ఆనాటి ఫ్రెంచి న్యాయస్థానముల హిందూధర్మమే ప్రమాణము. తరువాత మరణించిన తండ్రి ఆస్తికి చట్టము ప్రమాణము. తాత మరణదినమును తెలుపు పుస్తకపు నకలు ఒక్కొక్కప్పుడు భూమికంటె విలువైనది.

తేదీల ప్రాముఖ్యము యానామునకే పరిమితము కాదు. వేర్వేరు రాష్ట్రములలో స్థిరపడిన తెలుగువారి ఆడపడుచులకు పిత్రార్జితమున జన్మహక్కు వేర్వేరు దినములలో వచ్చినది. ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టము చేసి 1985 సెప్టెంబరు 5నుండి అమలుపరచెను. తమిళనాడు 1989లోను, కర్ణాటక, మహారాష్ట్రములు 1994లోను అట్టి చట్టములు చేసినవి. అన్నియు అంతకు పూర్వమే వివాహమైన కూతుళ్లను మినహాయించినవి. ఒరిస్సాలోను, పుదుచ్చేరి ప్రాంతమునను ఇట్టి చట్టము రాలేదు. 2005 సెప్టెంబరు 9న కేంద్రచట్టపు సవరణ మితాక్షర కుటుంబములలో కూతురును కొడుకుతో సమానముగ సమాంశభాగినిని చేసి, వివాహభేదమును తొలగించెను. ఆ దినమునాటికి తండ్రి జీవించియుండ నక్కరలేదని సుప్రీంకోర్టు 2020లో తీర్పు చెప్పెను. 2004 డిసెంబరు 20కి పూర్వము సక్రమముగ జరిగిన పంపకములు మాత్రము చెదరవు.

ఇక మొదట చెప్పిన గృహస్థుడు నేడున్నచో ఆతని మార్గము సుగమము. యానాములోను, ఇంజరములోను మరణశాసనమునకు ఒకటే నియమము: వ్రాత, సంతకము, ఇద్దరు సాక్షులు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాకపోయినను తగవు లేకుండుటకు మేలు. తన భాగమునకు మించి ఎవ్వరికిని ఏదియు వ్రాయజాలడు. ఉమ్మడి ఆస్తియందు తన భాగమెంతయో ముందు తేల్చుకొనవలెను. అమ్మకపు ఒప్పందముతోనే భూమి సంక్రమింపదు, రిజిస్టరైన విక్రయపత్రము కావలెను. అన్యాక్రాంతమైన భూమికై పండ్రెండేండ్లలోపల దావా వేయవలెను. కాని ఆ భూమి ఆతనికి ఎట్లు సంక్రమించెనో చెప్పవలసి వచ్చినప్పుడు, తాతనాటి నొతేరు వ్రాతయే మాటాడవలెను. యానాము ఇండ్లలో పెట్టెల అడుగున నున్న ఆ ఫ్రెంచి కాగితములను చదువగలవారు ఏటేట తగ్గిపోవుచున్నారు. అవి చదివించి, తెలుగుననువదింపజేసి, మరణదినములతోకూడ వంశవృక్షము వ్రాసియుంచుకొనుట ప్రతి కుటుంబమునకు కర్తవ్యము. అన్నదమ్ములు పరస్పర విశ్వాసముతో నున్నప్పుడే ఆ పని జరుగవలెను. వ్యాజ్యము మొదలైన పిమ్మట ఆ కాగితము ఎవరి పెట్టెలో ఉన్నదో వారికే దక్కును.